తలుపు మీద బోర్డు, చొక్కా కింద తుపాకీ: అమెరికాలో యజమాని మాటకు చట్టం ఇచ్చే విలువ ఎంత?

డాలస్‌లో ఒక దుకాణం తలుపు మీద, అంగుళం ఎత్తు అక్షరాలతో, ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ, చట్టం నిర్దేశించిన మాటలు పొల్లుపోకుండా రాసిన బోర్డు ఉందనుకుందాం. చొక్కా కింద పిస్టల్ పెట్టుకున్న లైసెన్సుదారు దాన్ని దాటి లోపలికి వెళితే అది నేరం. అదే తలుపు మీద తుపాకీ బొమ్మకు ఎర్రగీత కొట్టిన చిన్న స్టిక్కర్ మాత్రమే ఉంటే, టెక్సస్ చట్టం లైసెన్సుదారుకు ఇవ్వమన్న నోటీసు ఇచ్చినట్టు కాదు. షికాగోకు వెళితే ఆ ఎర్రగీత బొమ్మే చట్టం ఆమోదించిన అధికారిక బోర్డు. దుకాణదారు ఉద్దేశం మూడు సందర్భాల్లోనూ ఒకటే. చట్టం దాన్ని వినే తీరు మాత్రం ఊరు మారితే మారిపోతోంది.

సంక్షిప్తంగా

ప్రైవేటు స్థలం యజమాని తన గడప లోపలికి తుపాకీ తేవద్దని చెప్పవచ్చు. ఆ హక్కు మీద అమెరికాలో తుపాకీ హక్కుల వాదులకూ, నియంత్రణ వాదులకూ మౌలికంగా పేచీ లేదు. పేచీ ఆ తర్వాతి ప్రశ్నల మీద ఉంది. ఆ మాటను ఏ రూపంలో చెబితే చట్టం చెవికెక్కుతుంది? కాదని లోపలికి వచ్చిన వ్యక్తికి పడేది జరిమానానా, జైలా, లేక బయటికి వెళ్లమనే మాట మాత్రమేనా? యజమాని ఏమీ చెప్పకుండా ఊరుకుంటే ఆ మౌనాన్ని అనుమతిగా తీసుకోవాలా, నిషేధంగా తీసుకోవాలా? చివరి ప్రశ్న హవాయి నుంచి బయలుదేరి అమెరికా సుప్రీం కోర్టు దాకా వెళ్లింది.

రాజ్యాంగం కట్టడి చేసేది ప్రభుత్వాన్నే

ఆయుధాలు కలిగి ఉండటానికీ, ధరించడానికీ ప్రజలకు ఉన్న హక్కును అతిక్రమించరాదని 1791 నాటి రెండో రాజ్యాంగ సవరణ చెబుతుంది. ఆ కట్టడి ప్రభుత్వానికి వర్తిస్తుంది. కిరాణా దుకాణానికో, సినిమా హాలుకో, పక్కింటివారికో వర్తించదు. ఇంట్లో ఆత్మరక్షణ కోసం తుపాకీ ఉంచుకోవడం వ్యక్తిగత హక్కు అని 2008లో హెల్లర్ కేసులో సుప్రీం కోర్టు తేల్చింది. ఆ హక్కును ఇంటి బయటికి కూడా విస్తరించింది 2022 జూన్ నాటి బ్రూయెన్ తీర్పు. పొరుగువారి ఇంట్లోకి యజమానికి ఇష్టం లేకపోయినా తుపాకీతో వెళ్లవచ్చని ఈ రెండు తీర్పుల్లో ఏదీ చెప్పలేదు. 2012లో జార్జియాలోని ప్రార్థనా మందిరాల మీద వచ్చిన కేసులో 11వ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు (సుప్రీం కోర్టుకు కింద, ప్రాంతాల వారీగా ఉండే ఫెడరల్ అప్పీళ్ల కోర్టుల్లో ఒకటి) ఈ మాట సూటిగా చెప్పింది: ఆయుధం ధరించే హక్కుకు, తన స్థలం మీద యజమానికి ఉండే అదుపు కూడా ఒక హద్దు.

అమెరికా ఆస్తి చట్టంలో ‘నా స్థలంలోకి ఎవరు రావచ్చో నేను నిర్ణయిస్తాను’ అనేది అతి ముఖ్యమైన హక్కుల్లో ఒకటి. 2021లో కాలిఫోర్నియా తోటల యజమానులు వేసిన సీడర్ పాయింట్ కేసులో సుప్రీం కోర్టు ఆ హక్కును మళ్లీ బలపరిచింది. కాబట్టి కోర్టుల్లో తలపడుతున్నవి రెండు హక్కులు అనుకోవడం కన్నా, యజమాని హక్కును అమలు చేసే పద్ధతి మీద తలపడుతున్నారు అనుకోవడం వాస్తవానికి దగ్గర. యజమాని హక్కును ఎవరూ కాదనరు. నోరు తెరవాల్సిన భారం ఎవరి మీద పడాలన్నదే తగాదా.

ఈ వివాదానికి ఇంత ప్రాధాన్యం రావడానికి ఇంకొక కారణం ఉంది. 1980లలో చాలా రాష్ట్రాల్లో తుపాకీని దాచి తీసుకెళ్లడానికి లైసెన్సు దొరకడమే అరుదు. 1991 అక్టోబరు 16న టెక్సస్‌లోని కిలీన్ పట్టణంలో లూబీస్ అనే భోజనశాలలోకి ఒక దుండగుడు ట్రక్కుతో దూసుకొచ్చి కాల్పులు జరిపి 23 మందిని చంపాడు. అప్పటి చట్టానికి భయపడి తన రివాల్వర్‌ను కారులోనే వదిలి లోపలికి వెళ్లిన సుజానా గ్రేషియా హప్ కళ్లముందే తల్లిదండ్రులను కోల్పోయారు. ఆమె సాక్ష్యం, ప్రచారం తర్వాత 1995లో టెక్సస్ లైసెన్సు చట్టం చేసింది. తర్వాత ఆమె శాసనసభకు ఎన్నికయ్యారు. క్రమంగా ఇతర రాష్ట్రాలూ ఆ దారి పట్టాయి. ఇప్పుడు 29 రాష్ట్రాల్లో లైసెన్సు కూడా లేకుండానే అర్హులైన పెద్దలు తుపాకీ దాచి తిరగవచ్చు. బహిరంగ ప్రదేశాల్లో ప్రభుత్వ ఆంక్షలు సడలిన కొద్దీ నిర్ణయం చేసే బరువు దుకాణాల, కార్యాలయాల, గుళ్ల తలుపుల మీదికి జారింది.

టెక్సస్ బోర్డు: అక్షరం తప్పితే బలం పోతుంది

యజమాని మాటకు బలం ఇస్తూనే, ఆ మాట ఎలా చెప్పాలో అంగుళాలతో సహా కొలిచి చెప్పిన రాష్ట్రం టెక్సస్. అక్కడి శిక్షా స్మృతిలో 30.06 సెక్షన్ దాచిన తుపాకీతో వచ్చే లైసెన్సుదారు గురించి. 30.07 బయటికి కనిపించేలా తుపాకీ పెట్టుకున్న లైసెన్సుదారు గురించి. 2021 సెప్టెంబరు 1 నుంచి లైసెన్సు లేకుండా కూడా తుపాకీ ధరించే వీలు వచ్చాక, లైసెన్సు లేనివారిని ఆపడానికి 30.05 సెక్షన్ కింద మరొక బోర్డు అవసరమైంది. అంటే తుపాకీ అనేదే వద్దనుకునే యజమాని తన ప్రవేశద్వారం దగ్గర మూడు వేర్వేరు ప్రకటనలు పెట్టాలి. అక్షరాలు కనీసం అంగుళం ఎత్తు ఉండాలి. రంగులు ఒకదానికొకటి భిన్నంగా, కొట్టొచ్చినట్టు ఉండాలి. రెండు భాషలూ ఉండాలి. వచ్చేవారికి స్పష్టంగా కనపడే చోట ఉండాలి. 30.06, 30.07 బోర్డుల్లో మాటలు చట్టంలో ఉన్నవే ఉండాలి.

ఈ కొలతలు చాదస్తంగా కనిపిస్తాయి గానీ వాటి వెనుక ఒక తర్కం ఉంది. దాచిన తుపాకీతో తిరిగే వ్యక్తి రోజుకు ఎన్నో తలుపులు దాటతాడు. మూలన అతికించిన చిన్న స్టిక్కర్ చూడలేదన్న కారణంతో అతను నేరస్తుడు కాకూడదని శాసనసభ భావించింది. నేరం మోపాలంటే నోటీసు తిరుగులేనిదై ఉండాలి. అయితే దీని ఖర్చు యజమాని మీద పడింది. అద్దాల తలుపు మీద సగం మేర ఆక్రమించే మూడు బోర్డులు పెట్టడానికి చాలా వ్యాపారాలు వెనకాడతాయి. నిషేధించాలని ఉన్నా, వచ్చే కొనుగోలుదారును గుమ్మంలోనే నేర చట్టం భాషతో పలకరించడం ఇష్టం లేక ఊరుకుంటాయి.

శిక్షలోనూ రెండు మెట్లున్నాయి. బోర్డు చూసీ లోపలికి వెళితే అది చిన్న తరగతి నేరం, గరిష్ఠంగా 200 డాలర్ల జరిమానా. తుపాకీ సంగతి గమనించి సిబ్బంది ‘బయటికి వెళ్లండి’ అని నోటితో చెప్పిన తర్వాత కూడా కదలకపోతే నేరం పై తరగతికి (క్లాస్-ఎ) పెరుగుతుంది. అప్పుడు ఏడాది దాకా జైలు, 4,000 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. గోడ మీది రాత కన్నా మనిషి నోటి మాటకు చట్టం ఎక్కువ బరువు ఇచ్చిందన్నమాట. ఇది సబబైన ఏర్పాటే. బోర్డు కళ్లపడలేదని ఎవరైనా చెప్పుకోవచ్చు, ఎదురుగా నిలబడి చెప్పిన మాట వినలేదని చెప్పుకోవడం కష్టం.

మద్యం అమ్మకం ద్వారా 51 శాతం, అంతకు మించి ఆదాయం వచ్చే బార్ల సంగతి వేరు. అక్కడ యజమాని ఇష్టాయిష్టాలతో పని లేదు, నిషేధం ప్రభుత్వమే పెట్టింది. ఎర్ర అక్షరాల 51 శాతం బోర్డు కనపడితే అది దుకాణదారు కోరిక కాదని అర్థం చేసుకోవాలి.

రాష్ట్రం మారితే

ఇల్లినాయ్ దాచిన తుపాకీని అనుమతించడంలో అన్ని రాష్ట్రాల కన్నా వెనక వచ్చింది. పూర్తి నిషేధం చెల్లదని 2012లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు చెప్పాక 2013లో చట్టం చేసింది. బోర్డు విషయంలో మాత్రం యజమానికి సులువైన దారి చూపింది. రాష్ట్ర పోలీసు విభాగం ఖరారు చేసిన నమూనా, 4 అంగుళాలకు 6 అంగుళాలు, ఎర్ర వలయంలో గీత కొట్టిన పిస్టల్ బొమ్మ. భాష రాని వ్యక్తికి కూడా ఆ బొమ్మ అర్థమవుతుంది. విస్కాన్సిన్‌లో బోర్డు కనీసం 5 అంగుళాలకు 7 అంగుళాలు ఉండాలి. అక్కడ ఉల్లంఘన నేరం కిందికి రాదు, 1,000 డాలర్ల దాకా కట్టించే పౌర జరిమానా మాత్రమే.

ఒహాయో ఒకే స్థలాన్ని రెండుగా విడదీసింది. బోర్డు ఉన్న భవనంలోకి తెలిసి తెలిసి తుపాకీతో వెళితే అక్రమ ప్రవేశ నేరం. అదే యజమాని పార్కింగ్ స్థలంలో నిషేధాన్ని ఉల్లంఘిస్తే నేరం కాదు, యజమాని కావాలంటే సివిల్ దావా వేసుకోవచ్చు.

జార్జియాలో పద్ధతి మరొకటి. తుపాకీతో ఉన్న వ్యక్తిని రానివ్వకుండా ఆపే, బయటికి పంపే హక్కు యజమానికి ఉందని చట్టం చెబుతుంది. టెక్సస్‌లోలా కొలతలతో కూడిన ప్రత్యేక బోర్డు మాత్రం అక్కడ లేదు. ఆచరణలో వ్యవహారం మామూలు అక్రమ ప్రవేశ చట్టం మీద నడుస్తుంది. వెళ్లిపొమ్మని చెప్పాక వెళ్లకపోతే నేరం.

వీటన్నిటి పక్కన న్యూయార్క్‌ను పెట్టి చూస్తే తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. 2022 నాటి చట్టంలో, యజమాని స్పష్టమైన అనుమతి లేకుండా ప్రైవేటు స్థలంలోకి తుపాకీతో వెళ్లడాన్ని ‘క్లాస్-ఇ’ తరగతి ఘోర నేరంగా చేర్చారు. టెక్సస్‌లో 200 డాలర్లతో పోయే పని న్యూయార్క్‌లో జీవితాంతం వెంటాడే నేర చరిత్ర కాగలదు. ప్రజలకు తెరిచి ఉంచిన స్థలాల వరకు కోర్టులు ఆ నిబంధనను ఆపేశాయి. ఆ కథ కింద వస్తుంది.

కోరడం వేరు, నిషేధించడం వేరు

పెద్ద వ్యాపార సంస్థల ప్రకటనలు పాఠకులను ఎక్కువగా తికమక పెట్టేవి. 2013 సెప్టెంబరులో స్టార్‌బక్స్ అధిపతి హోవార్డ్ షుల్జ్ తమ కాఫీ దుకాణాలకు తుపాకులు తేవద్దని బహిరంగ లేఖ రాశారు. అది విన్నపమే, నిషేధం కాదని కూడా స్పష్టం చేశారు. 2019 ఆగస్టు 3న ఎల్ పాసోలో వాల్‌మార్ట్ దుకాణంలో 23 మందిని బలిగొన్న కాల్పుల తర్వాత, తుపాకీ బయటికి కనిపించేలా పెట్టుకుని రావద్దని ఆ సంస్థ కొనుగోలుదారులను కోరింది. అనుమతి ఉన్నవారు దాచి తెచ్చుకోవడానికి అభ్యంతరం పెట్టలేదు.

పత్రికల్లో ఇలాంటివి ‘నిషేధం’ అనే శీర్షికతో రావడం మామూలే. చట్టం ముందు మాత్రం విన్నపం విన్నపమే. దాన్ని పాటించని వ్యక్తి మర్యాద తప్పాడు గానీ నేరం చేయలేదు. సిబ్బంది ఒకరు వచ్చి వెళ్లిపొమ్మన్న క్షణం నుంచి లెక్క మారుతుంది. సంస్థలు ఈ మధ్యేమార్గాన్ని ఎంచుకోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు. నిషేధం ప్రకటిస్తే దాన్ని అమలు చేయాల్సింది గంటల లెక్కన జీతం తీసుకునే కౌంటరు ఉద్యోగి. ఆయుధం ఉన్న మనిషి దగ్గరికి వెళ్లి బయటికి నడవమని చెప్పే పని అతని నెత్తిన పెట్టడం ఏ సంస్థకూ సులువు కాదు.

పైగా దాచిన తుపాకీ కనపడదు. లోహ శోధక యంత్రం లేని ఏ తలుపు దగ్గరైనా నిషేధం లోపలికి వచ్చే వ్యక్తి నిజాయితీ మీద ఆధారపడుతుంది. దీన్నే రెండు పక్షాలూ తమ వాదనకు వాడుకుంటాయి. చట్టాన్ని గౌరవించేవారినే బోర్డు ఆపుతుంది, చంపాలని వచ్చేవాడిని ఆపదు అని ఒక పక్షం అంటుంది. కాల్పుల్లో చాలా భాగం పథకం ప్రకారం జరిగేవి కావని, మాటామాటా పెరిగిన చోట తుపాకీ అందుబాటులో లేకపోవడమే ప్రాణాలు కాపాడుతుందని రెండో పక్షం అంటుంది. తుపాకీ విధానాల మీద వచ్చిన పరిశోధనలను ఏళ్లుగా వడపోస్తున్న ర్యాండ్ సంస్థ సమీక్షల్లో, తుపాకీ రహిత ప్రాంతాల ప్రభావం ఇటో అటో తేల్చేంత బలమైన ఆధారం కనిపించలేదు. అంకెలు తేల్చని చోట అనుభవాలు, భయాలు మాట్లాడుతున్నాయి. చట్టసభల్లో వినిపించేదీ ఎక్కువగా అదే.

యజమాని మాట చెల్లని చోట్లు

యజమాని హక్కు పవిత్రమని చెప్పే రాష్ట్రాలే కొన్నిచోట్ల దాన్ని కత్తిరించాయి. మొదటి కత్తిరింపు పార్కింగ్ స్థలంలో పడింది. 2002లో ఓక్లహోమాలోని వాలియంట్‌లో వేయర్‌హౌజర్ కాగితపు మిల్లు యాజమాన్యం ఉద్యోగుల కార్లను తనిఖీ చేయించి, తుపాకులు దొరికినవారిని పనిలోంచి తీసేసింది. ఆ ఆగ్రహం నుంచి పుట్టిన చట్టం, తాళం వేసిన కారులో ఉద్యోగి తుపాకీ ఉంచుకోవడాన్ని యాజమాన్యం నిషేధించరాదని చెప్పింది. కంపెనీలు కోర్టుకు వెళ్లాయి. 2009లో 10వ సర్క్యూట్ కోర్టు చట్టాన్ని నిలబెట్టింది. ఫ్లోరిడా 2008లో, టెక్సస్ 2011లో ఇలాంటి చట్టాలే చేశాయి. కారు ఉద్యోగిది, నేల కంపెనీది. శాసనసభలు కారు పక్షం వహించాయి.

టెక్సస్ మరో రెండడుగులు ముందుకు వేసింది. 2019 చట్టం ప్రకారం అపార్ట్‌మెంటులో అద్దెకు ఉండే వ్యక్తి తన ఇంట్లో, తన కారులో, ఆ రెండింటి మధ్య నడిచే దారిలో చట్టబద్ధమైన తుపాకీ ఉంచుకోవడాన్ని ఇంటి యజమాని అడ్డుకోలేడు. 2021 చట్టం హోటల్ బస చేసే అతిథి తన గదికి తుపాకీ తీసుకెళ్లే విషయంలో అలాంటి రక్షణే ఇచ్చింది.

నేల ఎవరిదో తేలని సందర్భాలు ఇంకా చిక్కు. 2014లో అట్లాంటా వృక్షోద్యానంలో నడుముకు తుపాకీ పెట్టుకున్న సందర్శకుడిని సిబ్బంది బయటికి పంపారు. ఉద్యానాన్ని నడిపేది ప్రైవేటు సంస్థ, నేల నగరానిది, లీజు 50 ఏళ్లది. లీజు స్వభావాన్ని బట్టి అది ప్రైవేటు స్థలమా కాదా తేలుతుందని 2019లో జార్జియా సుప్రీం కోర్టు చెప్పింది. ఆ తీర్పు నీడ వేరే చోట పడింది. నగర ఉద్యానమైన పీడ్‌మాంట్ పార్కులో 2022లో జరగాల్సిన మ్యూజిక్ మిడ్‌టౌన్ సంగీతోత్సవం రద్దయింది. నిర్వాహకులు కారణం వివరంగా చెప్పలేదు గానీ, పార్కులో తుపాకులను నిషేధించే అధికారం తమకు లేకపోవడమే అసలు కారణమని అక్కడి పత్రికలు రాశాయి.

డాలస్‌లో ఇదే ప్రశ్న మరోలా తిరిగింది. ఫెయిర్ పార్క్ నగరపాలక సంస్థది. అక్కడ ఏటా టెక్సస్ స్టేట్ ఫెయిర్ నడిపేది ఒక ప్రైవేటు సంస్థ. 2023 అక్టోబరులో ప్రదర్శనలో కాల్పులు జరిగి ముగ్గురు గాయపడ్డాక, 2024లో నిర్వాహకులు లైసెన్సుదారుల తుపాకులను కూడా నిషేధించారు. ప్రభుత్వ నేల మీద అలా నిషేధించడం కుదరదని రాష్ట్ర అటార్నీ జనరల్ కెన్ పాక్స్‌టన్ దావా వేశారు. ప్రదర్శన మొదలయ్యే లోపు నిషేధాన్ని ఆపడానికి కింది కోర్టు నుంచి టెక్సస్ సుప్రీం కోర్టు దాకా ఏ కోర్టూ ముందుకు రాలేదు. జార్జియాలో ఉత్సవం ఆగింది, టెక్సస్‌లో నిషేధంతోనే ఉత్సవం జరిగింది.

మౌనానికి అర్థం ఏమిటి?

ఇక హవాయి. బ్రూయెన్ తీర్పుకు ముందు, ‘సరైన కారణం’ చూపిస్తేనే లైసెన్సు ఇచ్చే రాష్ట్రాలు ఆరు: న్యూయార్క్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా, మేరీల్యాండ్, మసాచుసెట్స్, హవాయి. అధికారి విచక్షణ మీద నడిచే ఆ పద్ధతి చెల్లదని తీర్పు చెప్పడంతో వాటికి పాత అడ్డుకట్ట పోయింది. ఆరింటిలో మసాచుసెట్స్ తప్ప మిగిలిన ఐదూ ఒకే ఆలోచన చేశాయి. దేశంలో ఎక్కువ చోట్ల మౌనం అర్ధాంగీకారం. యజమాని వద్దనకపోతే తుపాకీ రావచ్చు. ఈ ఐదు రాష్ట్రాలు ఆ లెక్కను తలకిందులు చేశాయి. యజమాని రమ్మంటేనే తుపాకీ రావచ్చు, మౌనంగా ఉంటే రాకూడదు. హవాయిలో ఇది 2023 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది.

కాగితం మీద చూస్తే మార్పు చిన్నది. యజమాని నిర్ణయాధికారం అలాగే ఉంది, ముందుగా నోరు తెరవాల్సినవారు మాత్రం మారారు. ఆచరణలో అది చాలా పెద్దది. పెట్రోలు బంకు, మందుల దుకాణం, భోజనశాల, బ్యాంకు వంటి వేలాది వ్యాపారాలు ఈ విషయం మీద ఏ బోర్డూ పెట్టవు. ఎక్కువ మంది ఏమీ చెప్పరు కాబట్టి, మౌనానికి చట్టం ఏ అర్థం ఇస్తే నగరంలో అధిక భాగం ఆ రంగు పులుముకుంటుంది. లైసెన్సు జేబులో ఉన్నా, ఇంటి నుంచి బయలుదేరిన వ్యక్తి రోడ్డు మీద తప్ప ఎక్కడా తుపాకీతో అడుగు పెట్టలేని స్థితి వస్తుందని వ్యతిరేకుల వాదన. బ్రూయెన్‌లో ఓడిపోయిన రాష్ట్రాలు దొడ్డిదారిన అదే ఫలితం సాధిస్తున్నాయని వారు అంటారు. ప్రజలు నిజంగా ఏమనుకుంటున్నారో చట్టం దాన్నే ప్రతిబింబిస్తోందని సమర్థకులు అంటారు. యేల్ న్యాయాచార్యుడు ఇయన్ ఎయర్స్ సహరచయితగా 2020లో వెలువడిన జాతీయ సర్వే పత్రం వారికి ఆధారం. ఇతరుల ఇళ్లలోకి, పనిచేసే చోట్లకు, దుకాణాల్లోకి అడగకుండా తుపాకీ తేవచ్చన్న నియమాన్ని మెజారిటీ తిరస్కరించినట్టు అందులో తేలింది.

కోర్టుల్లో మాత్రం ప్రజాభిప్రాయం కన్నా చరిత్ర ముఖ్యం. బ్రూయెన్ పెట్టిన పరీక్ష ప్రకారం, ఒక తుపాకీ ఆంక్ష నిలవాలంటే అది దేశ చారిత్రక సంప్రదాయంలో ఇమడాలి. అందుకే న్యాయవాదులు పాత చట్టాల దుమ్ము దులిపారు. హవాయి ప్రధానంగా చూపింది రెండు. 1771 నాటి న్యూజెర్సీ వలసపాలన చట్టం, ఇతరుల భూముల మీద యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా తుపాకీతో తిరగడాన్ని నిషేధించింది. 1865 నాటి లూయిజియానా చట్టం, యజమాని సమ్మతి లేకుండా ఎవరి ఆవరణలోకీ తోటల్లోకీ తుపాకీ తీసుకెళ్లరాదని చెప్పింది.

మొదటిది దొంగ వేటను ఆపడానికి చేసిన చట్టమని, ఊళ్లోని దుకాణాలకూ దానికీ సంబంధం లేదని వ్యతిరేకుల జవాబు. రెండోదాని మీద వాదన ఇంకా పదునైనది. అంతర్యుద్ధం ముగిసిన ఏడాది దక్షిణాది రాష్ట్రాలు విముక్తులైన నల్లజాతివారిని మళ్లీ లొంగదీయడానికి చేసిన చట్టాల గుంపులోది అది. ఆ తోటల యజమానులు ఎవరో, సమ్మతి ఎవరికి దొరికేదో, ఎవరికి దొరికేది కాదో వేరే చెప్పనక్కరలేదు. వర్ణవివక్ష కోసం పుట్టిన చట్టాన్ని గౌరవనీయమైన సంప్రదాయానికి సాక్ష్యంగా పిలవవచ్చా? చరిత్రను గీటురాయిగా పెట్టుకున్న పద్ధతిలోని ఇబ్బంది ఇక్కడ బట్టబయలైంది. పాత చట్టం ఉందా లేదా అన్నంత మాత్రాన సరిపోదు, అది ఎందుకు పుట్టిందో కూడా చూడక తప్పదు.

అప్పీళ్ల కోర్టులు వేర్వేరు దారుల్లో వెళ్లాయి. 2వ సర్క్యూట్ 2023 డిసెంబరులో, మళ్లీ 2024 అక్టోబరులో, ప్రజలకు తెరిచిన ప్రైవేటు స్థలాల వరకు న్యూయార్క్ నిబంధనను ఆపేసింది. 9వ సర్క్యూట్ 2024 సెప్టెంబరులో ఒకే తీర్పులో హవాయి నిబంధనను నిలబెట్టి, కాలిఫోర్నియా నిబంధనను ఆపింది. హవాయిలో యజమాని నోటి మాటతో కూడా అనుమతి ఇవ్వవచ్చు, కాలిఫోర్నియా మాత్రం నిర్దిష్టమైన బోర్డు పెడితేనే అనుమతి అంది. అనుమతి ఇవ్వడాన్ని అంత కష్టం చేసిన సంప్రదాయం చరిత్రలో కనపడలేదని కోర్టు చెప్పింది. మౌయి ద్వీపానికి చెందిన లైసెన్సుదారులు, వారి సంఘం కలిసి వేసిన హవాయి కేసును 2025 అక్టోబరు 3న సుప్రీం కోర్టు విచారణకు స్వీకరించింది. ఫెడరల్ ప్రభుత్వం పిటిషనర్ల పక్షాన నిలిచింది.

ఈ చర్చలో అంతగా వినపడని ఒక వివరం ఉంది. ఇళ్ల విషయంలో తుపాకీ అనుకూల రాష్ట్రాలే హవాయి లాంటి నియమం పెట్టుకున్నాయి. సౌత్ కరోలినాలో, లూయిజియానాలో ఇతరుల ఇంట్లోకి దాచిన తుపాకీతో వెళ్లాలంటే ముందుగా సమ్మతి కావాలని లైసెన్సు చట్టాల్లో రాసుకున్నారు. 2వ సర్క్యూట్ కూడా ప్రజలకు తెరవని స్థలాల జోలికి వెళ్లలేదు. కాబట్టి మౌనాన్ని నిషేధంగా చూడటమే తప్పని ఎవరూ అనడం లేదు. అందరినీ రమ్మని తలుపు తెరిచిన వ్యాపారి, ఆ పిలుపులో తుపాకీని కూడా కలిపాడా అన్నది అసలు ప్రశ్న.

నష్టపరిహారం భయం ఎటు తోస్తుంది?

యజమాని నిర్ణయాన్ని బోర్డు నియమాలతో పాటు బాధ్యత నియమాలు కూడా మలుస్తాయి. విస్కాన్సిన్ 2011 చట్టం ప్రకారం, తుపాకులను నిషేధించని యజమానికి ఆ నిర్ణయం వల్ల తలెత్తే దావాల నుంచి రక్షణ ఉంది. టెనెసీ 2016లో అలాంటి రక్షణే ఇచ్చింది. బోర్డు పెట్టినవారికి అలాంటి కవచం లేదు. న్యాయవాదిని సంప్రదించిన వ్యాపారికి వచ్చే సలహా దీంతో ఒక వైపు మొగ్గుతుంది. నిషేధం పెట్టే స్వేచ్ఛ ఉందంటూనే, పెట్టనివారికి మాత్రమే గొడుగు పట్టడం తటస్థమైన ఏర్పాటు కాదు. మౌనానికి అర్థం మార్చిన హవాయి ఒక వైపు తోస్తే, మౌనానికి బహుమానం ఇచ్చిన టెనెసీ రెండో వైపు తోసింది.

గుడి కమిటీలకు, వీసాదారులకు

డాలస్, అట్లాంటా, కొలంబస్, న్యూజెర్సీ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది వార్తల్లో చదివి వదిలేసే విషయం కాదు. టెక్సస్‌లో ప్రార్థనా స్థలాల మీద ప్రత్యేకంగా ఉన్న నిషేధ వాక్యాన్ని 2019లో తొలగించారు. అప్పటి నుంచి గుడి కూడా మిగతా ప్రైవేటు స్థలాల్లాంటిదే. కమిటీ తుపాకులు వద్దనుకుంటే చట్టం చెప్పిన బోర్డులు పెట్టాలి, ‘చెప్పులు ఇక్కడ విడవండి’ పక్కన చేత్తో రాసిన కాగితం చాలదు. కొందరు భక్తులను భద్రత కోసం ఆయుధంతో ఉంచుకోవాలనుకుంటే ఆ నిర్ణయమూ కమిటీదే. 2019 డిసెంబరు 29న వైట్ సెటిల్‌మెంట్ పట్టణంలోని చర్చిలో ఇద్దరిని చంపిన దుండగుడిని చర్చి స్వచ్ఛంద భద్రతా బృందంలోని వ్యక్తే కాల్చి ఆపాడు. ఆ ఘటన తర్వాత అలాంటి బృందాల గురించి చాలా ప్రార్థనా స్థలాలు ఆలోచించాయి. ఉగాదికో, బతుకమ్మకో హాలు అద్దెకు తీసుకునే సంఘాలు మాత్రం ముందుగా అడగాల్సింది హాలు ఎవరిదని. అది నగరపాలక సంస్థదైతే సంఘం పెట్టే బోర్డుకు బలం ఉంటుందో లేదో ఫెయిర్ పార్క్ తరహా ప్రశ్నే అవుతుంది.

భారతదేశం నుంచి వెళ్లినవారికి ఈ వ్యవస్థ విడ్డూరంగా తోచడానికి కారణం ఉంది. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ప్రభుత్వం ఇచ్చేది, ఎన్నికలు వస్తే ఆ ఆయుధాలను పోలీసు స్టేషన్‌లో అప్పగించమంటారు. తుపాకీ హక్కు అనే మాటే అక్కడ లేదు కాబట్టి దుకాణదారు బోర్డు పెట్టాలా వద్దా అన్న ప్రశ్న పుట్టదు.

వీసా మీద ఉన్నవారికి ఈ బోర్డుల లెక్క కన్నా ముందు వచ్చేది ఫెడరల్ చట్టం. ఎఫ్-1 మీద చదువుకునే విద్యార్థి, హెచ్-1బి మీద పనిచేసే ఉద్యోగి, కొన్ని పరిమితమైన మినహాయింపులు ఉంటే తప్ప, తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండకూడదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఆ మినహాయింపుల్లో ప్రధానమైనది. రాష్ట్రం లైసెన్సే అక్కర్లేదన్నా ఈ నిషేధం తొలగదు. ఉల్లంఘనకు 2022 నుంచి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ల జైలు. పెట్రోలు బంకులో పనిచేసే విద్యార్థి, యజమాని కౌంటరు కింద ఉంచిన పిస్టల్‌ను చేతిలోకి తీసుకోవడం కూడా ‘కలిగి ఉండటం’ కిందికి రావచ్చు. గ్రీన్ కార్డు ఉన్నవారు తుపాకీ కొనవచ్చు, ధరించవచ్చు. అయితే తుపాకీ చట్టాల ఉల్లంఘనలో శిక్ష పడితే వారిని కూడా దేశం నుంచి పంపించడానికి వలస చట్టంలో ప్రత్యేక నిబంధన ఉంది. పౌరుడికి జరిమానాతో పోయే కేసు అయినా, గ్రీన్ కార్డుదారు నేరం ఒప్పుకుని జరిమానా కట్టేముందు వలస చట్టం తెలిసిన న్యాయవాదిని అడగడం అవసరం.